నొప్పి లేని జిల్లాలో ఒక గొర్రె

పెళ్ళికి పెట్టిన ఇరవై రోజుల సెలవూ అయిపోయి, కాళ్ళ పారాణి మాత్రం ఇంకా అయిపోకుండా, డాక్టర్ ఇందుమతి చినకంకిపాడు పశువుల ఆసుపత్రి గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి, అక్కడ తనకంటే పెద్ద డాక్టరు ఒకటి కొలువుదీరి ఉంది.

పశువుల్ని కదలకుండా నిలబెట్టే ఇనుప బోను ముందు సిమెంటు దిమ్మె కట్టారు. దిమ్మె మీద స్తంభం, స్తంభానికి కెమెరా, కెమెరా కింద తెర, తెర కింద స్పీకరు. తెర మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదీయలేదు. దిష్టి తగలకుండా ఒక నిమ్మకాయా నాలుగు మిరపకాయలూ గుచ్చి వేలాడదీశారు.

"నమస్కారం పెట్టండి మేడమ్," అన్నాడు కాంపౌండర్ మస్తాన్‌వలి. పాతికేళ్ళుగా ఆ ఊరి గొడ్లకు సూదులు వేస్తున్నవాడు. "వేదనాదర్శిని గారంట. చెయ్యి వెయ్యదు, జొరం చూడదు, పేడ చూడదు. మొహం చూసి నొప్పుందో లేదో చెప్పేస్తది."

"మొహం చూసా?"

"పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నన్నట్టాగే చూసింది. ఆమె చెప్పింది ఒక్కటీ నిజం కాలా."

ఇందుమతి పకపకా నవ్వింది. ఈమధ్య ఆమెకు ప్రతిదానికీ నవ్వొస్తోంది. పొద్దున బస్సులో కోడిపుంజుకు టిక్కెట్టు కొట్టాల్సిందేనని కండక్టరు పట్టుబడితే నవ్వొచ్చింది. టిఫిన్ డబ్బా మూత తీస్తే, ఇడ్లీల పక్కన మొగుడు వంశీధర్ ఒక దోరజామకాయ ముక్కలు కోసి, ఉప్పూకారం విడిగా పొట్లం కట్టి పెట్టడం చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖంతోనే బల్ల మీదున్న ఉత్తర్వు అందుకుంది. మొదటి పేరా దాటేసరికి ముఖంలో నవ్వు లేదు.

"ఇందుమూలముగా యావన్మంది పశువైద్యులకు తెలియజేయడమేమనగా, పశువు నోరులేని జీవి అయినందున, దాని బాధను ఇంతవరకు వైద్యుల సొంత అభిప్రాయముపై ఆధారపడి నిర్ణయించుట జరుగుచున్నది. ఇట్టి అశాస్త్రీయ విధానమునకు స్వస్తి పలుకుతూ, ఇకపై పశువు ముఖకవళికలను యంత్రము పరిశీలించి, సున్న నుండి పది వరకు ఒక అంకెను ప్రసాదించును. నాలుగు, ఆపైన అంకె పొందిన పశువును మాత్రమే నొప్పి కలిగిన పశువుగా పరిగణించవలెను. అంతకు తక్కువ అంకె పొందిన పశువుకు చికిత్స చేయుట ఔషధ దుర్వినియోగము కింద వచ్చును."

కింద ఉపసంచాలకులు పరాంకుశం గారి సంతకం, తేలు తోక ఎత్తినట్టు ఉంది.

"మందుల బీరువా తాళం చెవి ఏది మస్తాన్?"

"తీసుకుపోయారు మేడమ్. ఇప్పుడు బీరువాకి చెవి లేదు. ఈ యంత్రం నాలుగు అంటే అదే టక్కుమని తెరుచుకుంటది. మూడు అంటే మనం గుద్దినా తెరుచుకోదు, పైగా జిల్లా ఆఫీసులో గంట మోగుద్ది."

యంత్రానికి చదువు ఎక్కడ చెప్పారో కూడా మస్తాన్ కనుక్కునే ఉన్నాడు. బిగించడానికి వచ్చిన మెకానిక్ టీ తాగుతూ చెప్పాడట. ఎక్కడో మంచు కురిసే దేశంలో తొమ్మిది వేల గొర్రెల ముఖాలు చూపించి దానికి నేర్పారట. చెవులు వెనక్కి వాలితే ఇన్ని మార్కులు, కళ్ళు చికిలిస్తే ఇన్ని, ముక్కుపుటాలు ఎగరేస్తే ఇన్ని, మూతి బిగిస్తే ఇన్ని. తెల్లటి ఉన్ని మధ్యలో ఉంటేనే దాని లెక్కలో ముఖం.

చినకంకిపాడులో గేదెలు వెయ్యికి పైచిలుకు. ఎద్దులు ఓ పది జతలు. గొర్రె అన్నది లేదు.

"ఎందుకు లేదు మేడమ్, పండక్కి వస్తది," అన్నాడు మస్తాన్. "వచ్చిన రోజే పోతది. నొప్పి చెప్పుకునే తీరిక దానికుండదు."

మొదటి రోజు పదకొండు గేదెలు వచ్చాయి. ఒక్కొక్కటీ కొండలా బోనులో నిలబడితే, స్పీకరులోంచి తేనె పూసిన ఆడగొంతు ఒకటే మాట చెప్పింది. "ముఖము కనబడలేదు. దయచేసి పశువును తీసుకురండి."

ఇందుమతి పరాంకుశం గారికి ఫోను చేసింది.

"సార్, మన గేదెలు నల్లగా ఉంటాయి కదా. యంత్రానికి వాటి ముఖం ఆనడం లేదు."

"డాక్టరు గారూ," అన్నారు ఆయన, పాఠం చెప్పేవాడిలా, "యంత్రానికి ముఖం కనబడలేదంటే లోపం ఎక్కడున్నట్టు?"

"యంత్రంలో సార్."

"తప్పు. ముఖంలో. యంత్రం ప్రపంచస్థాయిది. గేదె స్థానికమైనది. ఏది సర్దుకోవాలి?"

రెండు రోజుల్లో రెండో ఉత్తర్వు వచ్చింది. "గేదెల ముఖవర్ణమును పరీక్షా సమయము మేరకు తాత్కాలికముగా సవరించవలెను. ఇందుకు కావలసిన తెల్లని పదార్థమును స్థానిక వనరుల నుండి సమకూర్చుకొనవలెను."

ఊరు సర్దుకుంది. ఊళ్ళు ఎప్పుడూ సర్దుకుంటాయి. పొద్దునే ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు పెట్టగా మిగిలిన పిండి తెచ్చి గేదెల ముఖానికి రాసి ఆసుపత్రికి తోలుకొచ్చేవాళ్ళు. ఒకావిడ బియ్యప్పిండి రాస్తే వెనక గేదె వచ్చి నాకేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ నాకేసింది. ఆఖరికి ఆ నాకే గేదెకే అజీర్తి చేసి, దాన్నీ వరసలో నిలబెట్టారు. రోడ్డు వెంట తెల్లముఖాల గేదెలు బారు తీరి వస్తుంటే, పెళ్ళివారిని ఫొటో తీయడానికి మోటారుసైకిల్ మీద పోతున్న వంశీధర్ బండి ఆపి ఆ ఫొటో తీసి ఇందుమతికి పంపాడు. "మీ పెళ్ళివారు బయల్దేరారు," అని కింద రాశాడు. ఆమె నవ్వు ఆపుకోలేక మందుల గదిలోకి పోయి నవ్వుకుంది. ఆ గదిలో మందులైతే లేవు. అంటే ఉన్నాయి, బీరువాలో ఉన్నాయి, ఉండీ లేవు.

తెల్లబడ్డ ముఖాలు ఇప్పుడు యంత్రానికి కనబడ్డాయి. "గొర్రె. ఆడది. నొప్పి, సున్న. ధన్యవాదములు." కొమ్ము విరిగి నెత్తురు కారుతున్న గేదెకు సున్న. గిట్టలో పురుగులు పడ్డ గేదెకు సున్న. దారిలో పాము కరిచి, ట్రాక్టరులో పడుకోబెట్టి తెచ్చేలోపే ప్రాణం పోయిన ఒక ఎద్దు ముఖాన్ని, అయినా చూద్దామని ఎత్తి చూపిస్తే, యంత్రం ఇంకాస్త ఆప్యాయంగా చెప్పింది. "నొప్పి, సున్న. పశువు ప్రశాంతముగా ఉన్నది."

"ఇదొక్కటి కరెక్టుగా చెప్పింది," అన్నాడు మస్తాన్.

గేదె నొప్పిని ముఖంలో చూపించదు. ఇది ఇందుమతికి పశువైద్య కళాశాలలో మొదటి ఏడాదే చెప్పారు. చెప్పకపోయినా గేదెను పెంచిన ఏ ఆడమనిషైనా చెబుతుంది. మంద మధ్యలో నొప్పి చూపించిన గొడ్డునే పులి ముందు ఎంచుకుంటుంది కాబట్టి, తరతరాలుగా అవి పళ్ళ బిగువున ఓర్చుకోవడం నేర్చుకున్నాయి. మేత మానేస్తాయి, నెమరు ఆపేస్తాయి, మందకు ఎడంగా నిలబడతాయి. ముఖం మాత్రం గోడలా ఉంటుంది. ఇదంతా వివరంగా రాసి ఇందుమతి జిల్లా ఆఫీసుకు పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. "పశువులు తమ నొప్పిని దాచుట శాఖ దృష్టికి వచ్చినది. ఇది నిబంధనలకు విరుద్ధము. అట్టి పశువుల యజమానులను గుర్తించి, పశువులచే దాపరికం మాన్పించు విధముగా అవగాహన సదస్సులు నిర్వహించవలెను."

సదస్సు జరిగింది. టెంటు వేశారు. గేదెలు రాలేదు.

నెల తిరిగేసరికి జిల్లా మొత్తానికి సగటు నొప్పి సున్న దశాంశం సున్న రెండుకు దిగింది. ఆ రెండు కూడా ఎక్కడో ఒక తెల్లకుక్క ఆవలించినందుకు వచ్చిందట. మందుల వాడకం పూర్తిగా ఆగిపోయింది. మందులు వాడటం లేదంటే జబ్బులు లేవు, జబ్బులు లేవంటే నొప్పి లేదు, నొప్పి లేదంటే శాఖ గెలిచింది. మనది దేశంలోనే మొదటి నొప్పి రహిత జిల్లా అని పరాంకుశం గారు ప్రకటించారు. ఆ గౌరవ పత్రం అందుకునే సభ ఎక్కడ పెట్టాలా అని రికార్డులు తిరగేస్తే, ఒక్క అంకె కూడా తేడా లేకుండా వరసగా సున్నలున్న ఆసుపత్రి ఒకటే కనిపించింది. చినకంకిపాడు.

సభకు రెండు రోజుల ముందు సాంబ్రాజ్యమ్మ దొరసానిని తోలుకొచ్చింది.

సాంబ్రాజ్యమ్మకు ఆరు పదులు దాటాయి. ఆమెకు ఉన్నది ఒక్క గేదె. ఊరి బస్టాండులో టీకొట్టుకు పాలు పోసి బతుకుతుంది. గేదెకు దొరసాని అని పేరు పెట్టింది తనే. ఆ పేరు ఎందుకు పెట్టిందో చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. గోనెపట్టా పరిస్తేగాని పడుకోదు, ఎంగిలి కుడితి ముట్టదు, ఎవరేమన్నా తల తిప్పదు. ఆ రోజు మాత్రం వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తూ వచ్చింది. ముఖం ఎప్పటిలాగే దొరసాని ముఖమే.

ఇందుమతి వంగి పొదుగు మీద చెయ్యి వేసింది. కుంపటి మీద చెయ్యి వేసినట్టుంది. ఎడమవైపు వెనక సన్ను పిండితే పాలు రాలేదు. పసుపు రంగు నీళ్ళలో విరిగిన ముక్కలు వచ్చాయి.

"పొదుగువాపు, సాంబ్రాజ్యమ్మా. ఎన్నాళ్ళయింది?"

"నిన్న సందకాడ మేత ముట్టలేదు డాక్టరమ్మా. ముట్టకపోతే అలిగిందేమో అనుకున్నా. దీనికి అలకెక్కువ." ముసలామె గొంతు తగ్గించింది. "బతుకుద్దా?"

"మూడు రోజులు వరసగా సూది పడితే బతుకుతుంది. పాలూ ఇస్తుంది. పడకపోతే..." ఇందుమతి పూర్తి చేయలేదు. పడకపోతే విషం పొదుగులోంచి ఒంట్లోకి ఎక్కుతుంది.

"మరి వెయ్యి."

ఇందుమతి బీరువా వంక చూసింది. మస్తాన్ పిండి డబ్బా అందుకున్నాడు.

ముగ్గుపిండి రాసి నిలబెట్టారు. సున్న. గంధంపొడి రాశారు. సున్న. ఇందుమతి ఫోను చేస్తే వంశీధర్ పెళ్ళి ఆర్డరు పట్నంలో ఇంకొకడికి అప్పగించి, స్టూడియోలోంచి గొడుగు లైట్లూ, పెళ్ళికూతుళ్ళకు వేసే పౌడరు డబ్బా పట్టుకుని వచ్చాడు. దొరసాని ముఖానికి పౌడరు అద్ది, చెవుల పక్కన దూది అతికించి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, కొంచెం ఇటు. గడ్డం కొంచెం కిందికి. ఇప్పుడు కొంచెం ఏడవండి."

దొరసాని అతన్ని చూసింది. అద్దెకొచ్చినవాణ్ణి ఇంటామె చూసినట్టు చూసింది.

"ఇందూ, నేను పదకొండేళ్ళలో ఎంతమందిని నవ్వించానో లెక్కలేదు. మన పెళ్ళిలో హోమం పొగలో మీ నాన్నగారిని కూడా నవ్వించారు మావాళ్ళు. ఏడిపించడం మాత్రం నాకు రాదు," అని వంశీధర్ పౌడరు చేతులతో నుదుటి చెమట తుడుచుకున్నాడు. నుదురు తెల్లబడింది. మరో రోజైతే ఇందుమతి పడీ పడీ నవ్వేది.

"గొర్రె. ఆడది. నొప్పి, సున్న," అంది యంత్రం. "పశువు సౌందర్యముగా ఉన్నది" అని కూడా అంటుందేమోనని మస్తాన్ కాసేపు ఆగి చూశాడు.

చేత్తో చీటీ రాసిస్తే పట్నంలో మందుల షాపువాడు తిప్పి పంపాడు. యంత్రం అచ్చుకొట్టిన చీటీ ఉంటేనే ఇవ్వాలని వాడికీ ఉత్తర్వు వచ్చిందట. ద్వితీయాభిప్రాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని జిల్లా ఆఫీసు గుమాస్తా దయగా చెప్పాడు. అది పక్క మండలంలో ఉన్న ఇదే రకం యంత్రం ఇస్తుంది. ఇరవై ఒక్క రోజులు పడుతుంది.

మిగిలింది చేతులు. ఇందుమతి, సాంబ్రాజ్యమ్మ, మస్తాన్ ముగ్గురూ వంతులవారీగా గంటకోసారి పొదుగు పిండి ఆ చెడ్డనీళ్ళు బయటికి తీశారు. కలబంద గుజ్జులో పసుపు కలిపి పట్టు వేశారు. రెండు రోజులు వ్యాధిని గుమ్మంలో నిలబెట్టగలిగారు. అంతకు మించి ఆ చేతులకు శక్తి లేదు. మూడో రోజు పొద్దున దొరసాని చెవులు చల్లబడ్డాయి, విషం ఒంట్లోకి ఎక్కుతోందన్న గుర్తు. ఆ రోజే సభ.

ముందురోజే కబురొచ్చింది. "సభా ప్రాంగణమున పశువులు లేకుండా చూడవలెను. దుర్వాసన రాకుండా తగు జాగ్రత్తలు తీసుకొనవలెను."

"నా బర్రె కదల్లేదు," అంది సాంబ్రాజ్యమ్మ. "కదిలించాలంటే నన్ను ముందు కదిలించు."

దొరసానిని బోను పక్కనే, షామియానా గుడ్డ వెనక ఉంచారు.

మార్గశిరమాసపు చలి. పరాంకుశం గారు కారు దిగారు. చెవులూ తలా గడ్డమూ చుట్టేసి తెల్లటి ఉన్ని మఫ్లరు. దిగగానే సిబ్బంది సంఘం వాళ్ళు ఇంకో తెల్లటి ఉన్ని శాలువా కప్పారు. ఆ తెల్లదనం మధ్యలో ఆయన ముఖం చిన్నగా, ఎర్రగా, కోపంగా ఉంది. ఒక పెద్ద తెర మీద రాజధానిలోని కమిషనరు గారు ప్రత్యక్షంగా చూస్తున్నారు.

పరాంకుశం గారు ముప్పావు గంట మాట్లాడారు. "మనిషి పొరబడతాడు. డాక్టరు పొరబడతాడు. ఆ మాటకొస్తే పశువు కూడా తన నొప్పి విషయంలో పొరబడుతుంది. పొరబడనిది ఒక్క వేదనాదర్శిని! అది ఉన్నదన్నచోట ఉన్నది, లేదన్నచోట లేదు. ఈ సంగతి నా ఉద్యోగాన్నే పణంగా పెట్టి చెబుతున్నాను." చప్పట్లు కొట్టారు. వంశీధర్ ఫొటోలు తీశాడు. ఆ సభకు ఫొటోగ్రాఫరు కూడా అతనే. చుట్టుపక్కల ఇంకొకడు లేడు మరి.

తర్వాత రిబ్బను కత్తిరించాలి. అలంకరణవాళ్ళు దాన్ని ఎక్కడ కట్టాలో తెలీక, చూడ్డానికి బాగుంటుందని బోను రెండు కమ్మీల మధ్య కట్టారు. పరాంకుశం గారు కత్తెర పట్టుకుని బోనులోకి అడుగుపెట్టారు. సరిగ్గా గేదె నిలబడే చోట నిలబడ్డారు. ఎదురుగా కెమెరా.

అప్పుడు గాలి తిరిగింది. షామియానా గుడ్డ లేచింది. దొరసాని వాసన, ఆ పేడా మూత్రమూ పసుపూ చీమూ కలిసిన వాసన, నేరుగా ఆయన మీదికి వచ్చింది. ఆ వెనకే సాంబ్రాజ్యమ్మ వచ్చింది. "అయ్యా, నా బర్రె చస్తంది, తవరొక్క మాట చెప్పండయ్యా," అని ఆయన బూట్లు పట్టుకుంది.

ప్రజల మధ్యకు వచ్చినప్పుడల్లా పరాంకుశం గారి ముఖం ఎలా ఉంటుందో అలాగే అయింది. కళ్ళు చికిలించుకున్నాయి. ముక్కుపుటాలు ఎగిరాయి. మూతి బిగిసింది. మఫ్లరు కింద చెవులు వెనక్కి పోయాయి.

"గొర్రె," అంది తేనె గొంతు, మైకు పక్కనే ఉండటంతో ఊరంతా వినపడేలా. "మగది. ముదురు. నొప్పి, తొమ్మిదిన్నర. తక్షణ చికిత్స అవసరము."

లోపల గదిలో బీరువా టక్కుమంది.

నెల రోజులుగా ఆ చప్పుడు కోసం కాచుకున్న చెవి ఇందుమతిది. ఎవరూ తేరుకోకముందే ఆమె గదిలో ఉంది. సీసా, సిరంజి తీసుకుని షామియానా వెనక్కి వచ్చింది. దొరసాని మెడ మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో సూది దించింది. దొరసాని తల తిప్పలేదు.

"ఆపండి!" అన్నారు పరాంకుశం గారు బోనులోంచి. "ఇది... యంత్రం పొర..."

ఆ మాట సగంలో ఆగిపోయింది. ఇందుమతి ఖాళీ సిరంజితో వచ్చి ఎదురుగా నిలబడింది.

"పొరబడిందా సార్?"

జనం చూస్తున్నారు. పెద్ద తెర మీద కమిషనరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పరాంకుశం గారూ, తొమ్మిదిన్నర వచ్చిందే! ఏదీ ఆ గొర్రె? నాకు ఆనడం లేదు. చికిత్స మొదలుపెట్టారా?"

పరాంకుశం గారు ఒకసారి యంత్రం వంక, ఒకసారి తన ఉద్యోగం వంక చూసుకున్నారు.

"మొదలైంది సార్," అన్నారు.

"శభాష్. జిల్లా మొత్తంలో నొప్పి ఉన్నది ఒక్క గొర్రెకే అన్నమాట. దాన్నీ పట్టేశారు. నయం చేసి గౌరవ పత్రం తీసుకెళ్ళండి. అందాకా ఆపి ఉంచుతాను."

యంత్రం చీటీ కక్కింది. "చికిత్స మూడు రోజులు. ప్రతి ఉదయము ఇదే ముఖమును చూపవలెను. మూడవ దినము అంకె నాలుగు లోపునకు రాని యెడల, పశువును తాళ్ళతో బంధించి ప్రాంతీయ ఆసుపత్రికి తరలించవలెను."

ఆ నిబంధన రాసింది ఎవరో పరాంకుశం గారికి బాగా తెలుసు.

మర్నాడు ఏడింటికల్లా కారు వచ్చింది. మఫ్లరూ శాలువా రెండూ ఉన్నాయి. అవి లేకపోతే యంత్రం ముఖాన్ని గుర్తుపట్టదు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా బోనులోకి నడిచారు. గేటు దగ్గర అప్పటికే సాంబ్రాజ్యమ్మ చుట్టాలూ, టీకొట్టువాడూ, ఇద్దరు ముగ్గురు రైతులూ ఊరికే చూడ్డానికి వచ్చి ఉన్నారు. వాళ్ళను చూడగానే ఆయన ముఖం దానంతటదే తయారైంది. తొమ్మిది దశాంశం ఎనిమిది. టక్. దొరసానికి రెండో సూది పడింది.

"నిన్నటికన్నా ఎక్కువొచ్చింది సార్. రాత్రి నిద్ర పట్టలేదా?" అని మస్తాన్ జాలిగా అడిగాడు.

"డాక్టరు గారూ, ఈ మనిషిని బదిలీ చేయిస్తాను."

"మీ కేసు పూర్తి కాకుండా సిబ్బందిని మార్చకూడదు సార్. అది పదిహేడో నిబంధన," అంది ఇందుమతి. ఆమెకు మళ్ళీ నవ్వొస్తోంది. పెదవి కొరుక్కుంది.

మూడో రోజుకు దొరసాని పొదుగు చల్లబడింది. సన్ను పిండితే తెల్లటి ధార చర్రుమంది. మందు పడ్డ పాలు కాబట్టి ఇంకా కొన్నాళ్ళు పారబోయాల్సిందే. అయినా ఆ చప్పుడు వినగానే సాంబ్రాజ్యమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. దొరసాని ముందున్న జొన్నచొప్ప అందుకుని ఒక పరక తిన్నది. ఏరి ఏరి, లేత పరకే తిన్నది.

ఇక మిగిలింది గొర్రె కోలుకోవడం. బోనులో పరాంకుశం గారు నిలబడ్డారు. తొమ్మిది వచ్చింది. మూడో సూదికి బీరువా తెరుచుకుంది కాని, కేసు మూతపడలేదు.

"సార్, కొంచెం నవ్వాలి," అన్నాడు వంశీధర్ కెమెరా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని.

ఆయన ప్రయత్నించారు. ముఖంలో ఏవో కండరాలు వాడకుండా మూలన పడి ఉన్నవి కిర్రుమన్నట్టు కదిలాయి. "నొప్పి, తొమ్మిదిన్నర," అంది యంత్రం.

"అలా కాదు సార్. చిన్నప్పుడు మామిడితోటలో దొంగతనం చేసుంటారుగా, అది తలుచుకోండి."

"నేను దొంగతనం చేయలేదు."

"పోనీ మీ పెళ్ళి."

అంకె తొమ్మిదిన్నర నుంచి పదికి ఎక్కింది.

బయట తరలింపు వ్యాను వచ్చి ఆగింది. తాళ్ళు దింపుతున్నారు. అప్పుడే ఆయన ఫోను మోగింది. కమిషనరు ఆఫీసు నుంచి కబురు. ఈ పథకానికి జాతీయ పురస్కారం వచ్చింది. పరాంకుశం గారిని సంయుక్త సంచాలకులుగా పెంచారు. మిగతా పన్నెండు జిల్లాలకూ వేదనాదర్శిని ఆయన చేతుల మీదుగానే వెళ్తుంది.

పరాంకుశం గారు నవ్వారు. చెవి నుంచి చెవి దాకా, లోపలి పళ్ళు కూడా కనబడేలా నవ్వారు.

"నొప్పి, సున్న. గొర్రె పూర్తిగా కోలుకున్నది. ధన్యవాదములు."

జనం చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు మఫ్లరు సర్దుకుని, దర్జాగా బోనులోంచి బయటికి రాబోయారు. మస్తాన్‌వలి ఇనుప గొళ్ళెం వేసేశాడు. అతని ఒక చేతిలో యంత్రం అప్పుడే రాల్చిన పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఉంది, మీద నెంబరుతో. రెండో చేతిలో దాన్ని గుచ్చే పట్టకారు ఉంది.

"ఏమిటిది?" అన్నారు పరాంకుశం గారు.

"నయమైన పశువును చెవికి బిళ్ళ వెయ్యకుండా ఆవరణ దాటించరాదు. ఇరవై రెండో నిబంధన సార్, కింద తమరి సంతకమే," అని మస్తాన్ పట్టకారు తెరిచి చూపించాడు. "ఎడమ చెవా సార్, కుడి చెవా?"

పరాంకుశం గారి కళ్ళు చికిలించుకున్నాయి. ముక్కుపుటాలు ఎగిరాయి. యంత్రాన్ని ఎవరూ ఆపలేదు.

"గొర్రె. మగది. నొప్పి, పది."

లోపల బీరువా టక్కుమంది. ఇందుమతి అప్పటికే గది గుమ్మంలో ఉంది. గేటు అవతల, మూడు రోజులుగా సంగతి విన్న ఊరు ఊరంతా గేదెలు పట్టుకుని వరసలో నిలబడి ఉంది. ఒక్క గేదె ముఖానికీ పిండి లేదు.

"మస్తాన్, సార్‌ని కాసేపు అక్కడే ఉంచు," అంది ఇందుమతి సిరంజి అందుకుంటూ. "ఆ కొమ్ము విరిగినదాన్ని ముందు తోలండి."